గురివి గోడ

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక గుహలో గురివి అనే ఆడమనిషి ఉండేది. చిన్నప్పుడే దుప్పి కుమ్మి ఆమె కాలు విరిగింది. వేటకు పోలేదు. దుంపలు తవ్వలేదు. నిప్పు ఆరిపోకుండా చూసేది, అందరి పిల్లల్నీ ఆడించేది.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. మూడో ఏడు దుప్పులు కూడా కొండ దిగి వెళ్ళిపోయాయి. గుహలోని ఊట ఒక్క మనిషికి చాలేంత మిగిలింది.

“ఇంక ఇక్కడ బతకలేం. పొద్దు పొడిచే దిక్కుకి పోదాం,” అన్నారు పెద్దలు.

తమ్ముడు దూసడు గురివి ముందు వంగాడు. “ఎక్కక్కా, వీపున మోస్తా.”

“నన్ను మోస్తే నీ పిల్లల్నెవరు మోస్తార్రా?”

దూసడు లేచి నిలబడ్డాడు.

గురివి తన వంతు నీళ్ళలో జేగురుమట్టి కలిపింది.

“తాగే నీళ్ళక్కా!”

“నావేగా. చెయ్యి గోడకి ఆనించు.”

ఎర్రనీళ్ళు పుక్కిట పట్టి వాడి చేతిమీద ఊదింది. చెయ్యి తీస్తే, ఎరుపు మధ్య దాని ఆకారం నిలిచింది. “దూసడు,” అంది. ఒక చెయ్యి, ఒక పేరు. పెద్దలొచ్చారు. ఒక చెయ్యి, ఒక పేరు. చివరికి చంటిపిల్లల చేతులు కూడా పెట్టించింది.

“ఎందుకొదినా ఇదంతా?” అంది దూసడి పెళ్ళాం.

“మీరు పోతే నేనెవరితో మాట్లాడను మరి?”

వాళ్ళు వెళ్ళిపోయారు. గురివి రోజూ పొద్దున్నే ఒక్కో చేతినీ పేరుపెట్టి పిలిచేది. “తిన్నావా? కాళ్ళు నొప్పులా?” అని అడిగేది. జవాబు రాకపోయినా అడిగేది.

ఎన్నేళ్ళకో వానలు పడ్డాయని తెలిసి దూసడు మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. గుహ ముందు నిలబడి “అక్కా!” అన్నాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవకుండా లోపలికి నడిచాడు.

లోపల ఎవరూ లేరు. గోడమీద చేతులున్నాయి. వాటి కింద వాన గీతలు, ఒక దుప్పి, దాని వెనకే పిల్ల. ఇంకా కింద, కూర్చున్న మనిషికి అందే ఎత్తులో, ఇంకో చెయ్యి.

దూసడు అక్కడే చతికిలబడ్డాడు. ఒక్కో చేతినీ పేరుపెట్టి పిలిచాడు. దారిలో చనిపోయినవాళ్ళనూ పిలిచాడు. ఆఖరి చేతికి తన చెయ్యి ఆనించి, “గురివి,” అన్నాడు.

ఆ బొమ్మలు ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియదంటారు ఇప్పుడు చూడ్డానికొచ్చేవాళ్ళు. పూజకంటారు, వేటకంటారు. కొండ కిందివాళ్ళు మాత్రం గురివి కథ చెబుతారు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా దూరం పనికెళ్తుంటే జేగురులో చెయ్యి ముంచి ఇంటి గోడకి అద్ది వెళ్తారు. పండక్కి ఇల్లంతా సున్నం వేస్తారు. వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా, ఆ చెయ్యి ఉన్న చోట మాత్రం వెయ్యరు.