మూత చప్పుడు

"కురోదా సాన్ ఇక నీతో మాట్లాడలేనన్నారమ్మాయ్," అని వకుళ గారు ఫోన్‌లో చెప్పినప్పుడు హైమకి ముందు కోపం వచ్చింది. ఆ వెనకే, కోపం కన్నా పెద్దదిగా, అవమానం వచ్చింది.

"ఎందుకట సెన్సే?"

"నీ జపనీస్ చాలా చక్కగా ఉందట. 'నాలాంటి ముసలివాడితో ఆ అమ్మాయికి కాలం వృథా, నన్ను వదిలేయమనండి' అన్నారు."

జపాన్‌లో వద్దు అనే మాటని ఇలా మెత్తగా చుట్టి చేతిలో పెడతారని హైమకి తెలుసు. ఎంత చుట్టినా లోపల ఉన్నది వద్దే.

వకుళ గారి భర్త ఓడల కంపెనీలో పనిచేసేవారు. అందువల్ల ఆమె సగం జీవితం జపాన్‌లో ఒక చిన్న రేవు ఊళ్ళో గడిచిపోయింది. ఆయన పోయాక భీమిలి వచ్చి, సముద్రం కనబడే ఒక వాటాలో ఉంటూ, ఇంటర్నెట్‌లో జపనీస్ నేర్చుకునేవాళ్ళ బృందం ఒకటి నడుపుతున్నారు. నర్సులు, ఇంజనీరింగ్ పిల్లలు, జపాన్ బొమ్మల సినిమాల పిచ్చి పట్టినవాళ్ళు అందులో చేరారు. అందరూ ఆమెని సెన్సే అంటారు, అంటే గురువుగారని. కాస్త గట్టిపడ్డవాళ్ళని ఆమె ఆ రేవు ఊరి పాత ఇరుగుపొరుగుకి అప్పజెబుతారు. ఆదివారం ఆదివారం వాళ్ళతో కబుర్లు చెప్పాలి. పరీక్షా లేదు, మార్కులూ లేవు. అలా హైమ వంతుకి వచ్చిన పెద్దాయన కురోదా సాన్, అంటే కురోదా గారు.

హైమ గుంటూరులో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా చదివి పైకొచ్చిన మనిషి. బృందంలో ఎవరికి ఏ సందేహం వచ్చినా "హైమక్కని అడగండి" అనేవారు. అడగకపోయినా హైమక్క చెప్పేది. ఎవరైనా ఒక మాట తప్పు పలికితే, ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటపడకముందే దిద్దేసేది.

జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంవాళ్ళు నర్సులని తీసుకుంటున్నారు. వాళ్ళకి సర్టిఫికెట్లతో పాటు వకుళ గారి మాట కూడా కావాలి. 'ఈ అమ్మాయిని మా పెద్దవాళ్ళ దగ్గర ఉంచవచ్చు' అని ఆమె ఈ నెలాఖరులోగా చెప్పాలి. ఉన్న ఒక్క పెద్దాయనే వద్దన్నాక ఆ మాట ఆమె ఏ నోటితో చెబుతారు?

"నా తప్పేంటో చెప్పమనండి సెన్సే," అంది హైమ. "ఒక్క మాట తప్పు పలికానేమో చెప్పమనండి."

"ఆయన చెప్పరు. నువ్వే చెప్పు. మొదటినుంచీ ఏం జరిగిందో చెప్పు, వింటాను."

హైమ మొదలుపెట్టింది. మొదటి ఆదివారం తను ఎంత పద్ధతిగా పలకరించిందో చెప్పింది. పెద్దవాళ్ళతో వాడాల్సిన గౌరవ వాచకాలన్నీ వాడింది. ఆయన కమలాతోట గురించి అడగాల్సిన ప్రశ్నలు ముందే సిద్ధం చేసుకుంది. పోయిన శీతకాలంలో ఆయన భార్య పోయిందని సెన్సే చెప్పారు కదా, దానికి అనాల్సిన సంతాప వాక్యం కూడా ఎక్కడా తడబడకుండా అంది.

అవతల ఏ చప్పుడూ లేదు.

"హలో, సెన్సే?"

చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమోనని హైమ ఫోన్ చూసింది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. సరే, వింటున్నారనుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది కానీ ఇందాకటి ఊపు లేదు. ఎక్కడిదాకా చెప్పిందో ఒక క్షణం గుర్తు రాలేదు.

"ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను మ్యూట్‌లో పెట్టుకున్నానండీ. మా హాస్టల్ గదిలో నాతో ఉండే నాగమణి కుక్కరు పెడుతుంది. సందులో కూరగాయల బండి మైకొకటి. ఆ గోలంతా ఆయన చెవిన పడకూడదు కదా... క్లాసులో మనం చేసేది అదే కదా సెన్సే?"

జవాబు లేదు.

"ఆయన మధ్యలో ఆగి హలో హలో అనేవారు. అప్పుడు నేను మ్యూట్ తీసి, 'స్పష్టంగా వినిపిస్తోందండీ, దయచేసి చెప్పండి' అని పూర్తి వాక్యం అనేదాన్ని. ఆయన క్షమించమనేవారు. మళ్ళీ కాసేపు చెప్పేవారు..."

సెన్సేకి కోపం వచ్చిందా? తను ఏమైనా అనకూడనిది అందా? వంటింట్లోకి వెళ్ళిపోయారా? హైమ గొంతు తనకే వింతగా, ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఆ ఖాళీని నింపడానికి, చెప్పదలుచుకోనిది కూడా చెప్పేసింది.

"నిజానికి ఆయన చెబుతున్నప్పుడు నేను నా తర్వాతి వాక్యం పలికి చూసుకునేదాన్నండీ. మ్యూట్‌లోనే కదా అని. తప్పు రాకూడదని..."

కాసేపటికి, "సెన్సే, ఉన్నారా?" అంది చిన్నగా.

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నారు వకుళ గారు, ఎప్పటి గొంతుతోనే. "అంతా విన్నాను. కుక్కరు, కూరగాయల బండి, నీ సంతాప వాక్యం, మ్యూట్‌లో నువ్వు పలికి చూసుకున్న వాక్యాలు. ఒక్క మాట పోలేదు."

"మరి ఒక్కసారి ఊఁ అనొచ్చు కదండీ!" హైమకి ఏడుపు వచ్చేసింది. "గోడకి చెప్పుకున్నట్టుంది నాకు. ఎంత భయమేసిందో తెలుసా?"

"కురోదా సాన్‌ని ఇంకొక్క ఆదివారం ఇమ్మని అడుగుతాను," అని వకుళ గారు ఫోన్ పెట్టేశారు.

హలో హలో అంటున్న ముసలి గొంతు ఇప్పుడు వినిపించింది హైమకి.

ఆదివారం వచ్చింది. ఇక్కడ టిఫిన్ల వేళ, కురోదా సాన్ దగ్గర మధ్యాహ్నం. హాస్టల్ నెట్ వీడియోని మోయలేదు, అందుకని ఎప్పుడూ గొంతులే. హైమ పలకరించింది. ఆయనా మర్యాదగా పలకరించి, అక్కడ వర్షం పడుతోందన్నారు. హైమ వేలు అలవాటుగా మ్యూట్ మీదకి వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"ఊఁ," అంది. జపనీస్‌లోనూ అది ఇంచుమించు అంతే. ముక్కుతో అనే చిన్న చప్పుడు.

అవతల ఆయన ఒక క్షణం ఆగారు. తర్వాత, వర్షానికి తోటలో బాట కొట్టుకుపోయిందన్నారు.

"ఊఁ."

సరిగ్గా అప్పుడే నాగమణి కుక్కరు గది దద్దరిల్లేలా కూత వేసింది. హైమ ప్రాణం పోయింది. క్షమించమనడానికి మూడు రకాల వాక్యాలు నోటిదాకా వచ్చాయి. అవి బయటికి వచ్చేలోపే కురోదా సాన్ అడిగారు.

"అదేమిటి, అన్నమా?"

"హాయ్," అంది హైమ. అంటే అవునని.

ఆయన నవ్వారు. ఆ నవ్వు హైమ అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"మా ఆవిడకి అలాంటి కుక్కరు లేదు," అన్నారు.

"ఊఁ."

"అన్నం అయ్యిందంటే పెరట్లోకి వచ్చి గిన్నె మూత మీద గరిటెతో కొట్టేది. నేను కొండ మీద తోటలో ఉండేవాణ్ణి. అక్కడికి వినిపించేది."

"ఊఁ..."

"నేను 'ఓయ్' అని పైనుంచి అరవాలి. అరిచేదాకా కొడుతూనే ఉండేది. ఒక్కోసారి కావాలనే ఊరుకునేవాణ్ణి. ఊరంతా వినేది ఆ మూత చప్పుడు."

హైమ నవ్వింది. నవ్వు కూడా అవతలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఆయన భాష మారిపోయింది. పుస్తకాల జపనీస్ పోయి, ఆ రేవు ఊరి పల్లె యాస వచ్చింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. హైమకి సగం అందాయి, సగం అందలేదు. ఆసుపత్రి అన్నారు. మంచు అన్నారు. ఒకచోట చాలాసేపు ఆగిపోయారు. ఆ ఆగిన చోట హైమ సంతాప వాక్యం తయారుగానే ఉంది, తప్పుల్లేకుండా. దాన్ని అలాగే ఉండనిచ్చి, నెమ్మదిగా "ఊఁ" అంది.

"ఇప్పుడు మూత కొట్టేవాళ్ళు లేరు," అన్నారు కురోదా సాన్. "అయినా మధ్యాహ్నం అయ్యేసరికి తోటలో నించుని 'ఓయ్' అంటాను. ఎవరైనా వింటే పిచ్చివాడనుకుంటారు."

కుక్కరు మళ్ళీ కూత వేసింది.

"ఓయ్," అన్నారు ఆయన.

హైమ కళ్ళు తుడుచుకుంది.

ఫోన్ పెట్టేముందు ఆయన, "వచ్చే ఆదివారం కూడా ఇదే వేళకి అన్నం వండుకుంటారా?" అని అడిగారు.

"వండుకుంటామండీ," అంది హైమ.

సాయంత్రం వకుళ గారు ఫోన్ చేశారు. సిఫారసు మాట అడగాలన్న సంగతి హైమకి గుర్తే రాలేదు.

"ఏం చెప్పారు కురోదా సాన్?"

"చాలా చెప్పారు సెన్సే. సగం నాకు అర్థం కాలేదు."

"మరి నువ్వేమన్నావు?"

చెప్పుకోదగ్గ వాక్యం తను ఒక్కటీ అనలేదు.

"ఊఁ అన్నానండీ. వాళ్ళావిడ గిన్నె మూత మీద కొట్టేదట..."

"ఊఁ," అన్నారు వకుళ గారు.

హైమ మిగతాది చెప్పసాగింది.