శుభ్రం చేసిన గొంతు

ఏలూరు పవర్‌పేటలో చంద్రహాస్ అనే సౌండ్ ఎడిటర్ ఉండేవాడు. పని బాగా తెలిసినవాడే కానీ, యాప్ చేసిన పనిని మళ్లీ తాను చూడనక్కర్లేదనుకునే గుణం అతనిది.

అతను ఎవరి దగ్గరా ఉద్యోగం చేసేవాడు కాదు. ఇంట్లో ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని, అడిగినవాళ్లకు చేసిపెట్టేవాడు. పెళ్లి వీడియోల్లో మాటలు సరిచేసేవాడు. కోచింగ్ సెంటర్ల పాఠాల్లో దగ్గులూ తుమ్ములూ తీసేసేవాడు. మొదట్లో ప్రతి రికార్డింగునూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి నుంచి చివరిదాకా వినేవాడు. ఏది గాలి చప్పుడో, ఏది మనిషి ఊపిరో అతని చెవికి ఇట్టే తెలిసేది. ఆ పేరు మీదే ఒకరి ద్వారా ఒకరు వచ్చేవారు.

పని పెరిగాక ఒక్కడి చేతులూ చాలలేదు. అప్పుడు యాప్‌లు వాడడం మొదలుపెట్టాడు. అవి నిజంగా మంచివే. ఒకటి ఏ పని ఎప్పటికి ఇవ్వాలో గుర్తుచేసేది. ఒకటి పొడుగాటి వాయిస్ మెసేజ్‌లను రెండు ముక్కల్లో రాసి చూపించేది, జవాబు కూడా తానే పంపేది. ఇంకొకటి ఫ్యాను మోతలూ రోడ్డు మీది హారన్లూ తీసేసి గొంతును శుభ్రం చేసేది. పని అయిపోగానే పాత ఫైళ్లను చెరిపేసి కంప్యూటర్లో చోటు మిగిల్చేందుకు మరొకటి ఉండేది. పొద్దస్తమానం పట్టే పని టీ తాగేలోపు అయిపోయేది.

అలా మిగిలిన సమయంలో అతను చేసిన పనిని సరిచూసుకుని ఉంటే బాగుండేది. అలా చెయ్యలేదు. ఇంకా పని ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు హెడ్‌ఫోన్ల మీద దుమ్ము పేరుకుంది.

అతని భార్య ఇందుమతి అది గమనించింది. "పంపేముందు ఒకసారి వినొచ్చుగా" అంది.

"యాప్ విన్నాక నేనెందుకు వినడం? నాకంటే దానికే బాగా వినపడుతుంది" అన్నాడు చంద్రహాస్.

ఒకరోజు పొద్దున్నే సత్యానందం అనే ఆర్టీసీ కండక్టరు వాళ్లింటికి వచ్చాడు. డ్యూటీకి వెళుతూ దారిలో ఆగినట్టున్నాడు, ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు. జేబులోంచి చిన్న కవరు తీశాడు. అందులో మెమరీ కార్డు ఉంది.

"మా అమ్మాయి సలోమి గొంతు ఉందండి ఇందులో. నిరుడు కామెర్లొచ్చి చనిపోయింది" అన్నాడు. "దాని ఫోను నీళ్లలో పడి పాడైపోయింది. రిపేరు షాపతను ఎలాగో ఈ ఒక్కటీ బయటికి తీసి కార్డులో వేసిచ్చాడు. ఇంకెక్కడా లేదండి."

"మా దగ్గర ఏదీ పోదండీ. అన్నీ వాటంతట అవే భద్రమవుతాయి" అన్నాడు చంద్రహాస్.

సత్యానందం కుర్చీ అంచున కూర్చున్నాడు. "అసలు మా అమ్మాయి ఇది ఎందుకు రికార్డు చేసుకుందంటే..." అని మొదలుపెట్టాడు. అంతలో చంద్రహాస్ ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసేసరికి మళ్లీ మోగింది.

"ఒక పని చెయ్యండి. చెప్పాల్సిందంతా వాయిస్ మెసేజ్ పెట్టండి. నాకు అన్నీ ఒక పద్ధతి ప్రకారం వస్తాయి" అన్నాడు చంద్రహాస్.

సత్యానందం సరేనని లేచాడు. బస్టాండులో ఒక బల్ల మీద కూర్చుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా చెప్పాడు.

"చంద్రహాస్ గారూ, నేను సత్యానందాన్నండి, ఇందాక కార్డు ఇచ్చాను. వంటింట్లో రికార్డు చేసుకుందండి, ఫ్యాను మోత ఎక్కువగా ఉంది. అది తగ్గిస్తే చాలు. మా అమ్మాయికి చిన్నప్పట్నుంచీ నత్తి. చర్చిలో అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం చదవాలని దానికి ఆశ. ఒకసారి లేచి నిలబడితే మొదటి మాటకే గొంతు పట్టేసింది. ముందు వరసలో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏడ్చుకుంటూ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం వాళ్లమ్మ దగ్గర కూర్చుని చదువుకునేదండి. మాట అడ్డుపడ్డప్పుడల్లా మా ఇంటావిడ పక్కనుంచి అందించేది. అది అందుకుని, నవ్వుకుని, మళ్లీ చదివేది. ఆ నత్తి అలాగే ఉండాలండి. మా ఇంటావిడ మాట కూడా పోకూడదు, చాలా చిన్నగా వినపడుతుంది. వచ్చే ఆదివారం మా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. మళ్లీ దాని వంతు రాకుండానే పోయింది కదా, ఇప్పుడైనా అందరి ముందూ చదవాలి. ఎంత కష్టపడి చదివిందో వాళ్లు వినాలి. ఉంటానండి."

చంద్రహాస్ ఫోనులో యాప్ ఆ మాటలన్నిటినీ కుదించింది. "ఫ్యాను శబ్దం తగ్గించాలి. వచ్చే ఆదివారం చర్చిలో వినిపిస్తారు" అని రాసి చూపించింది. చంద్రహాస్ అది చదువుకుని సరే అనుకున్నాడు. సత్యానందానికి జవాబు కూడా యాపే పంపింది: "మీ సందేశం పూర్తిగా విన్నాం. మీరు కోరినట్టే చేసి పంపుతాం. ధన్యవాదాలు."

సత్యానందం ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య కరుణమ్మకు అది చదివి వినిపించాడు. "పూర్తిగా విన్నాడంట" అన్నాడు. కరుణమ్మ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు చంద్రహాస్ ఆ కార్డును కంప్యూటర్లో పెట్టాడు. తన సొంత కార్డులు మళ్లీ మళ్లీ వాడుకోవడానికి వీలుగా, రికార్డింగు లోపలికి రాగానే కార్డు ఖాళీ అయ్యేలా అతను ఎప్పుడో పెట్టుకున్నాడు. ఆ సంగతి అతనికి గుర్తే రాలేదు. కార్డు ఖాళీ అయింది. శుభ్రం చేసే యాప్ తెరిచి, ఏమేం తీసెయ్యాలని అది అడిగితే 'అన్నీ' అని నొక్కాడు.

యాప్ తనకు తెలిసిన పని తాను చేసింది. ఫ్యాను మోత తీసేసింది. ఒకే అక్షరం రెండోసారి వినపడితే పొరపాటనుకుని కత్తిరించింది. మాటకీ మాటకీ మధ్య ఆగిన చోట్లన్నీ దగ్గరకు లాగి కలిపేసింది. దూరం నుంచి వినపడిన ఆడమనిషి మాటనూ, మధ్యలో వచ్చిన నవ్వునూ గదిలో చప్పుళ్లనుకుని చెరిపేసింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఇందుమతి అడిగింది. "ఆ కండక్టరు గారమ్మాయి గొంతు ఎలా ఉందండీ?"

"బాగానే ఉండి ఉంటుంది."

"అంటే వినలేదా? చనిపోయిన పిల్ల గొంతండీ. రెండు నిమిషాలు వినండి."

"ఇందూ, ఈ వారం ఎన్ని పనులున్నాయో నీకు తెలియదు. ఇప్పటిదాకా ఎవరైనా బాగాలేదన్నారా?"

అన్నం తినగానే చంద్రహాస్ రికార్డింగును సత్యానందానికి పంపేశాడు. పని ముగిసిందని గుర్తించిన ఇంకో యాప్ అసలు ఫైలును చెరిపేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది.

సత్యానందం దాన్ని ముందుగా వినలేదు. అందరితో కలిసి చర్చిలోనే విందామని కరుణమ్మ అంది. కూడికకు చంద్రహాస్‌ను కూడా పిలిచారు. చర్చిలో ప్రసంగాలు రికార్డు చేసే పని తనకు దొరకవచ్చని అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు, వెనక బల్ల మీద కూర్చున్నాడు.

ప్రార్థన అయ్యాక సత్యానందం ముందుకు వెళ్లాడు. "మా సలోమి ఇక్కడ నిలబడి చదవాలనుకుంది. ఇవాళ చదువుతుంది" అన్నాడు. స్పీకర్లలోంచి సలోమి గొంతు వచ్చింది.

ఎక్కడా తడబాటు లేదు. ఒక్క చోట ఆగలేదు. వార్తలు చదివేవాళ్లలా గబగబా, నున్నగా చదువుకుంటూ పోయింది. తండ్రి చాలాసేపు ఉంటుందనుకున్న చదువు చూస్తుండగానే అయిపోయింది.

జనం మెచ్చుకున్నారు. "ఎంత చక్కగా చదివింది. నత్తి ఎక్కడా లేదే" అంది ముందు వరసలో ఒకామె. "ఇంత బాగా వచ్చినప్పుడు ఆ రోజు ఎందుకు చదవలేదో పాపం" అన్నాడు ఆమె పక్కనున్నాయన.

సత్యానందం మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కరుణమ్మ లేచి, బల్లల మధ్యనుంచి నడిచి వెనక్కి వచ్చింది. చంద్రహాస్ ఆమె తనను మెచ్చుకోవడానికి వస్తోందనుకుని లేచి నిలబడ్డాడు.

"బాబూ, నా మాట ఏది?" అని అడిగింది.

చంద్రహాస్‌కు అర్థం కాలేదు.

"దానికి అడ్డుపడ్డప్పుడల్లా నేను అందించాను. అది నవ్వేది. ఆ నవ్వు కూడా లేదు. ఇది మా పిల్ల చదివినట్టు లేదు బాబూ."

"అసలుది ఉంటుందండి. ఇప్పుడే పట్టుకొస్తాను" అని చంద్రహాస్ పరుగున ఇంటికి వచ్చాడు.

కార్డులో ఏమీ లేదు. కంప్యూటర్లోనూ లేదు. చెరిగిపోయిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్లు రెండింటి మీదా ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాడు. విజయవాడలో ఇలాంటి పనికి పేరున్న ఒకాయన దగ్గరికి కార్డుతోపాటు కంప్యూటరు కూడా మోసుకెళ్లాడు. ఆఖరికి కొన్ని తునకలు దొరికాయి. ఆత్రంగా విన్నాడు. వాటిల్లో ఫ్యాను మోత ఉంది. అంతే.

అప్పుడు సత్యానందం పెట్టిన మెసేజ్‌ను మొదటిసారి పూర్తిగా విన్నాడు. 'ఆ నత్తి అలాగే ఉండాలండి' అన్నచోట ఆపి మళ్లీ విన్నాడు. పక్క గదిలోంచి ఇందుమతి కూడా విన్నది. ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది కానీ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఖాళీ కార్డు తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. సత్యానందం తలవంచుకుని విన్నాడు.

"మీరు పూర్తిగా విన్నామని రాశారు కదండీ" అన్నాడు చివరికి.

"అది నేను రాయలేదండి. యాప్..." అని చంద్రహాస్ ఆగిపోయాడు. ఖాళీ కార్డును వాళ్ల ముందు పెట్టి మళ్లీ తానే అన్నాడు. "ఒక మార్గం ఉందండి. గొంతు నమూనా ఇస్తే, అదే గొంతుతో మాటలు తయారుచేసే యాప్‌లు వచ్చాయి. ఆగిన చోట్లు మీరు చెబితే అక్కడ ఆగేలా చేయిస్తాను. అమ్మగారి గొంతు కొత్తగా రికార్డు చేసి కలుపుతాను. తేడా తెలియదు."

కరుణమ్మ అతని వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"నత్తి కూడా మీరే పెడతారా బాబూ?" అంది. "దాన్ని చూసి నవ్విన వాళ్లు ఆ ఒక్కరోజే నవ్వారు. మీరు దాని నత్తి తీసేసి, ఇలా అయితేనే దాని చదువు వినదగ్గదని అందరికీ చెప్పారు. ఇంక వద్దు. వెళ్లిరండి."

అతను లేచాడు. గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

వారం తిరక్కుండా చర్చి నుంచి ఫోను వచ్చింది. గొంతు అంత బాగా శుభ్రం చేశాడు కాబట్టి ప్రసంగాల పని అతనికే ఇస్తామన్నారు. పోయిందేమిటో వాళ్లకు తెలియనే లేదు. చంద్రహాస్ తనకు కుదరదని చెప్పాడు.

అతను యాప్‌లు మానలేదు. మానాల్సిన అవసరమూ లేదు. కానీ అప్పట్నుంచి ఎవరైనా పని తెస్తే ఫోను పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది అయిపోయేదాకా వినేవాడు. ఏ రికార్డింగైనా పంపేముందు తానే పూర్తిగా వినేవాడు. పని తగ్గింది, పేరు నిలిచింది. అయినా అతని మనసు కుదుటపడలేదు. పవర్‌పేట స్టాపులో బస్సెక్కినప్పుడు ఒక్కోసారి సత్యానందమే టిక్కెట్టు కొట్టేవాడు. ఎక్కడికని అడిగేవాడు, టిక్కెట్టు ఇచ్చేవాడు, ముందుకు వెళ్లిపోయేవాడు. తెలిసినవాణ్ణి చూసినట్టు ఎన్నడూ చూడలేదు. కరుణమ్మ ఆ శుభ్రం చేసిన గొంతును ఇంట్లో మళ్లీ వినిపించనివ్వలేదు.

పనిముట్లు మన పనిని తేలిక చేస్తాయి కానీ మన బాధ్యతను మొయ్యవు. నమ్మి మన చేతికిచ్చినదాన్ని మనమే చూసుకోకపోతే, పోగొట్టిన పాపం మనదే అవుతుంది, పోయినదాన్ని ఏ పనిముట్టూ తిరిగి తేలేదు.