ఖాళీకి బాడుగ

పూర్వం ఒక ఏటి రేవుకి పేర్రాజు అనే కొత్త అధికారి వచ్చాడు. వచ్చీ రాగానే, సరుకుల బాడుగ ఇకమీదట బరువును బట్టి కాదని, పడవలో పట్టే చోటును బట్టి కట్టాలని చాటించాడు.

కుమ్మరి బుచ్చెమ్మ అవతలి ఒడ్డు సంతకి పెద్ద పెద్ద బానలు తెచ్చింది. బాడుగ ఎంతో విని ఆమె లబోదిబోమంది.

"బాబయ్యా, ఇందులో ముప్పాతిక ఖాళీయే కదా! ఇంత కడితే నాకేం మిగులుతుంది?"

"ఖాళీ అయితే మాత్రం పడవలో చోటు తినడం లేదూ? బాడుగ కట్టు. కట్టాక ఆ ఖాళీ అంతా నీదే. ఊరేగిస్తావో, ఊయలూపుతావో నీ ఇష్టం!" అన్నాడు పేర్రాజు మీసం సవరించుకుంటూ.

బుచ్చెమ్మ బాడుగ కట్టేసింది. బానలు పడవలో సర్దించి, ఒడ్డున మూటలతో నిలబడ్డ రైతుల్ని కేకేసింది.

"జొన్నలవాళ్లూ, పెసలవాళ్లూ! మీ గింజలు నా బానల్లో పోసుకోండి. మీరు కట్టాల్సిన రేవు బాడుగలో సగం నాకిస్తే చాలు!"

చూస్తుండగానే మూటలన్నీ బానల్లోకి ఖాళీ అయ్యాయి. పేర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"ఆ గింజలకి బాడుగేదీ?"

"నా బానలు వేలెడైనా పెరిగాయా బాబయ్యా? లోపలి చోటుకి ఇందాకే కట్టించుకున్నారుగా!"

రేవంతా గొల్లుమంది. ఆ పూట పేర్రాజుకి బుచ్చెమ్మ కట్టిన బాడుగ తప్ప మరేమీ రాలేదు.

మరుసటి సంతకి బుచ్చెమ్మ రేవులో అడుగు పెట్టగానే పేర్రాజే త్రాసు పట్టుకుని ఎదురొచ్చాడు.

"బానలు తూకం వేస్తాను తల్లీ. ఖాళీని మాత్రం నువ్వే ఉంచుకో!"