ఎర్రపువ్వుల పావడా

ఒకానొక రాజ్యంలో అద్దకం పనిచేసే నాంచారి, రాణిగారి పావడాకు అరచేతులంత ఎర్రపువ్వులు అద్దింది. అచ్చు కుదిరిందో లేదో చూడటానికి ముందుగా అద్దే బట్ట పనివాళ్లకే చెందడం ఆనవాయితీ. నాంచారి దాన్ని కుట్టుకుని, తెల్లరవికెతో కొలువుకు వచ్చింది. అవే పువ్వుల పావడా మీద నగలతో మెరిసిపోతున్న రాణిని వదిలేసి సభంతా నాంచారి పావడానే చూసింది.

"మంచి రంగు నువ్వు దాచుకున్నావు. వేళ్లు నరికిస్తాను," అంది రాణి.

నాంచారి వేళ్లను ముడుచుకుంది. "ఒక్కసారి పావడాలు మార్చుకుని చూడండి తల్లీ."

లోపలికి వెళ్లి మార్చుకుని వచ్చారు. సభ మళ్లీ నాంచారినే చూసింది.

"రంగు దొంగిలించింది నేను కాదమ్మా. ఆ దొంగలు మీ ఒంటిమీదే ఉన్నారు."

రాణి మొదట వడ్డాణం విప్పింది.