శీలావతి నోరు కట్టిందెవరు?

ఇలా రా, గోడవైపు జరిగి పడుకో. దుప్పటంతా నువ్వే లాగేసుకోకు, నాకూ చలే. ఊఁ కొట్టాలి మరి! ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్నడిగి లాభం లేదు.

అనగనగనగా, గోదారి పాయ వంపు తిరిగే చోట ఒక ఊళ్ళో, నూకరత్నం అని ఒకావిడ ఉండేది. గాలం వెయ్యడంలో అందె వేసిన చెయ్యి. అయితే ఆవిడకి ఒకటే జబ్బు. ఏది విన్నా "ఎందుకూ? ఎలాగా?" అని అడక్కపోతే నిద్రపట్టేది కాదు. అచ్చం నీలాగే అనుకో.

ఆవిడ కొడుకు సముద్రం మీద వేటకెళ్ళాడు. ఇంట్లో కోడలు బంగారి ఉంది. బంగారికి నెల తప్పింది, ఒకటే వేవిళ్ళు. తిన్నదల్లా కక్కేసేది. పాపం, చిక్కి పుల్లయిపోయింది. ఒకరోజు పొద్దున్నే, "అత్తా, శీలావతి పులుసు తినాలనుంది" అంది.

శీలావతంటే ఎవరో ఆడపిల్ల అనుకునేవు! చేప. నిగనిగలాడే పొలుసులు, బుల్లి నోరు, ఎంత ముద్దొస్తుందో.

నూకరత్నం గుండె గుభేలుమంది. చూలాలి కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందని అనేవారు పెద్దవాళ్ళు. చూడబోతే పుష్యమాసం. ఆ చలికి శీలావతి గాలానికి దొరకదు. అయినా సరే, "నోరు తెరిచి పిల్ల ఒక్కటడిగింది, అదీ తీర్చకపోతే నేనేం అత్తని?" అని గాలపు కర్ర భుజానేసుకుంది.

మొదటిరోజు మంచు విడవకముందే మడుగు దగ్గరికెళ్ళింది. నిమ్మకాయంత తవుడు ముద్ద గుచ్చి గాలం వేసింది. కూర్చుంది, కూర్చుంది. నీళ్ళ మీద తేలే బెండు కదిలితే ఒట్టు! పొద్దెక్కాక ఉత్త చేతుల్తో లేచింది. రేవులో వాళ్ళు చూసి, "ఈ చలికి చేపలకి నోళ్ళు కట్టేశాయమ్మా, ఊరికే కూర్చోకు" అన్నారు.

అది మామూలుగా అనే మాటే. చలికి చేప తిండి తగ్గిస్తుంది, అంతే. మనావిడ ఊరుకుంటుందా? "నోళ్ళు కట్టేశాయా? ఎవరు కట్టారూ? ఎలా కట్టారూ?" అని ఇంటిదాకా ఒకటే గొణుగుడు.

ఆ తర్వాత రెండోరోజు గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, జామకాయంత ముద్ద గుచ్చింది. పెద్ద ముద్దకి పెద్ద ఆశ పుడుతుందనుకుంది, పిచ్చి తల్లి. ఊహూఁ, ఒక్క చేప ముట్టలేదు.

అప్పుడావిడకి పోతురాజు తాత గుర్తొచ్చాడు. పాముల నోరు కట్టే మంత్రం ఆయనకి వచ్చని ఊళ్ళో పేరు. ఇంకేం, తిన్నగా ఆయన వాకిట్లోకెళ్ళి, "నా కోడలు నోరు తెరిచి అడిగితే నువ్వు చేప నోరు కడతావా? నీకేం పోయేకాలం?" అని దులిపేసింది.

తాత పగలబడి నవ్వాడు. "మంత్రమా నా మొహమా! పాము కనబడితే ఊళ్ళో అందరికంటే ముందు పరిగెత్తేది నేనే. ఈ మాట ఎవరితోనూ అనకు. చేప నోరు నేను కట్టలేదే అమ్మాయ్, అదే కట్టుకుంది. ఎందుకో దాన్నే అడుగు" అన్నాడు.

చేపనెలా అడగడం? ఆలోచించుకుంటూ ఇంటికొచ్చింది. బంగారి మూలన దుప్పట్లో నక్కి ఉంది, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. చేపల్లేని రోజులు కదా, ఇంట్లో గింజలు అంతంతమాత్రం. ఉన్నదంతా కోడలికి పెట్టేసి, తను చెంబెడు నీళ్ళు తాగి ఊరుకునేది నూకరత్నం. అడిగితే "ఇందాకే తిన్నానే" అనేది. అబద్ధం!

"నీ నోరెవరు కట్టారే తల్లీ, ఇంతైనా తినవు?" అంది.

"పొద్దున్నే అంతంత ముద్దలు చూస్తే కడుపులో తిప్పుతుందత్తా. కాస్త ఎండెక్కాక, ఇంత చిన్న ముద్ద, పుల్లపుల్లగా ఉంటే దిగుతుందేమో" అంది బంగారి.

నూకరత్నం నెత్తి మీద ఒక్కటి కొట్టుకుంది. "ఓసి నా తెలివి తెల్లారా! చేపదీ అదే బాధేమో!"

ఆ తర్వాత మూడోరోజు తీరిగ్గా ఎండెక్కాక వెళ్ళింది. ఎండ పడే ఒడ్డు చూసుకుంది. తవుడులో పులిసిన గంజి కలిపి, కందిగింజంత ముద్ద చేసింది. బంగారి మూలన నక్కినట్టు చేప కూడా అడుగున నక్కి ఉంటుందని, దారం మీద బెండు పైకి జరిపి గాలం అడుక్కంటా దించింది.

బెండు కొంచెం వణికింది. నూకరత్నం లాగలేదు. "తిను తల్లీ, మెల్లిగా తిను" అంది. మళ్ళీ వణికింది. ఆగింది. మూడోసారి బుడుంగున మునిగింది! అప్పుడు లాగింది చూడూ, చేటంత శీలావతి!

తిట్టినందుకు తల ముక్క తాతకి పంపింది. మిగతాది చింతపండు బాగా దట్టించి పులుసు పెట్టింది. బంగారి కందిగింజంత ముద్ద తింది. దిగింది. ఇంకోటి తింది. అదీ దిగింది. నూకరత్నం అలా చూస్తూ నిలబడింది.

అప్పుడు బంగారి మూడో ముద్ద కలిపి, చెయ్యి అత్త వైపు చాపింది.

"చేప నోరెవరు కట్టారని ఊరంతా అడిగావు. నా నోరెవరు కట్టారని నన్నడిగావు. మరి ఇన్నాళ్ళూ నీ నోరెవరు కట్టారత్తా?"

ఏది విన్నా ఎందుకూ ఎలాగా అనే మనిషి, ఆ ఒక్కసారీ ఏమీ అడగలేదు. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి. బుద్ధిగా నోరు తెరిచింది. కోడలు ముద్ద పెట్టింది.

ఏంటీ, పుట్టిన బిడ్డ చెవులా? ముత్యాల్లా ఉన్నాయిట. చెప్పిన మాట మాత్రం వినేవి కావట, నీ చెవుల్లాగే!

కథ కంచికి చేరింది,
చేప కంచంలో చేరింది,
ముద్ద నోటికి చేరింది,
మనం ఇంట్లోనే ఉన్నాం, ఇంక కళ్ళు మూసుకో.