నూనె ఈనిన ఇంజను

ఈ కథలో అక్షరం ముక్క అబద్ధం లేదు. ఉంటే ఈ పూట నేను వండిన పులుసు చేదెక్కిపోవాలి, దాన్ని మీరే తినాలి. ఇంత గట్టి ఒట్టు ఈ భూమ్మీద ఇంతవరకు ఎవరూ వేసి ఉండరు. ఇక వినండి.

అనగా అనగా, రాజులూ పెట్రోలూ రెండూ ఉన్న కాలంలో, వంకరేరు అని ఒక నది ఉండేది. అది ఎంత వెడల్పంటే, ఈ ఒడ్డున నున్నగా గడ్డం గీయించుకుని పడవెక్కిన పెళ్లికొడుకు, అవతలి ఒడ్డున దిగేసరికి మునీశ్వరుడిలా ఉండేవాడు. పెళ్లికూతురు గుర్తుపట్టక తలుపు వేసుకునేది.

ఆ ఏరు దాటించడానికి ఒకే ఒక మోటారు పడవ. పడవ గవరయ్యది. రేవు రాజుగారిది. ఆ రేవుకు రాజుగారి తాతగారు పెట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. నది నడుమ ఆగిపోయిన పడవకు మళ్లీ ఆ రేవులో చోటు లేదు. గవరయ్యకూ, అతని పెళ్లాం నూకాలుకూ ఆ రేవు తప్ప వేరే బతుకుతెరువు లేదు.

పడవలో ఇంజను మంచిది. మర్యాద తెలిసినది. ఆ రోజుల్లో ఇంజన్లు మాట్లాడేవి. ఇప్పుడు అరుస్తున్నాయి, అంతే తేడా.

గవరయ్య ఎప్పుడూ రాజుగారి బంకులోనే పెట్రోలు పోయించేవాడు. ఒకనాడు రేవు పక్క తుప్పల్లోంచి ఒక నక్క డబ్బా మోసుకుంటూ వచ్చింది.

"గవరయ్య బావా! అంత దూరం బంకు దాకా ఎందుకు శ్రమ? నా పెట్రోలు చవక. పైగా కొలిచాక గిద్దెడు కొసరు," అంది.

నూకాలు డబ్బా మూత తీసి వాసన చూసింది. "ఏమయ్యా, ఇందులో కిరసనాయిలు కంపు కొడుతోంది."

"అది నా ఒంటి వాసనమ్మా," అంది నక్క సిగ్గుపడుతూ. "రాత్రి దీపం బుడ్డి పక్కన పడుకున్నాను."

"ఇంటికొచ్చినవాళ్లను వాసన చూస్తావుటే?" అని పెళ్లాన్ని కసిరాడు గవరయ్య. కొసరు అన్న మాట చెవిన పడగానే అతని ముక్కు పనిచెయ్యడం మానేసింది.

ఆ రోజునుంచి ఇంజనుకు నక్క పెట్రోలే.

మొదట ఇంజను లోపల టకటకా, టకటకా చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకు అవతలి ఊళ్లో జనం, ఎవరో వచ్చి తలుపు తడుతున్నారనుకుని ఊరంతా తలుపులు తీసి చూశారు.

"అయ్యగారూ, ఈ పెట్రోలు నేను మండమన్నప్పుడు మండటం లేదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు మండుతోంది. లోపల సుత్తితో కొట్టినట్టుంది," అంది ఇంజను.

"నీకు హుషారొచ్చి తాళం వేస్తున్నావు. కానియ్, కానియ్!" అన్నాడు గవరయ్య.

తరవాత పొగ. మామూలు పొగా అది! మిట్టమధ్యాహ్నం కాకులు పొద్దుగూకిందనుకుని గూళ్లకు పోయాయి. కోళ్లు గంపల్లో దూరాయి. ఒక ముసలాయన ఒకే రోజు రెండుసార్లు రాత్రి భోజనం చేశాడు.

"అయ్యగారూ, సగమే మండుతోంది. మిగతాది మసై గొంతుకు పట్టేస్తోంది. నాలో సత్తువ పోతోంది," అంది ఇంజను.

అదీ నిజమే. నిరుడు ఏనుగును ఎక్కించినా ఈల వేసుకుంటూ పోయిన పడవ, ఇప్పుడు మేకపిల్లను ఎక్కిస్తే మూలుగుతోంది.

"పొగ ఉంటేనే దర్జా. నోరు మూసుకుని పద," అన్నాడు గవరయ్య.

ఇక మూడోది నూనె. ఇంజను అడుగున నూనె ఉంటుంది కదా, ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా చూసేది. మట్టం తెలియడానికి గీత పెట్టిన ఒక ఇనప పుల్ల ఉంటుంది. ఎంత మంచి ఇంజనైనా ఆ నూనెను కాస్తో కూస్తో తాగుతుంది. గవరయ్య పుల్ల దించి చూస్తే, నూనె తగ్గలేదు సరికదా, గీత దాటి పైకి వచ్చింది. పోసింది చుక్క కూడా లేదు!

గవరయ్య పడవలోనే చిందులు వేశాడు. "ఏమే నూకాలూ! అందరి ఇంజన్లూ నూనె తాగుతాయి. మనది నూనె ఈనిందే!"

"నేనేమీ ఈనలేదు అయ్యగారూ. నాకు కడుపు ఉబ్బరంగా ఉంది," అంది ఇంజను.

నూకాలు పుల్లకు అంటిన నూనెను వేళ్ల మధ్య రాసి చూసింది. నీళ్లలా జారిపోయింది. వాసన చూసింది. అచ్చం నక్క వాసన.

"ఏమయ్యా, మొన్న మీ అక్కా బావా చెప్పకుండా దిగబడ్డ రోజు, చారు గిన్నె అంచుదాకా నిండింది గుర్తుందా?"

"ఎందుకు లేదూ? ఆ చారుతో చేతులు కడుక్కోవచ్చు."

"మరి ఆ రోజు చారు పెరిగిందా, నీళ్లు పెరిగాయా?"

గవరయ్య బుర్ర గోక్కున్నాడు. "చారు వేరు, ఇంజను వేరు."

"ఏం వేరు? మండని కిరసనాయిలు పక్క సందుల్లోంచి కిందికి జారి నూనెలో కలుస్తోంది. ఇది పారబోసి కొత్త నూనె పొయ్యి. పెట్రోలు బంకులో పోయించు."

"దేవుడిచ్చింది పారబొయ్యమంటావుటే? నీకు కళ్లు కుట్టాయి," అని గవరయ్య ఊళ్లోకి పోయి కనబడిన వాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. ఆ కబురు కోట చేరేసరికి, గవరయ్య ఇంజను పొద్దున కడవెడు, సాయంత్రం కడవెడు నూనె ఇస్తుందనీ, శుక్రవారం నాడు నెయ్యి ఇస్తుందనీ అయింది.

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డునుంచి రాజుగారి చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. తొలికాన్పు. అమ్మ పక్కన ఉండాలని ఆ పిల్ల ఏడుస్తోందట. రాజుగారు తల్లిని వెంటబెట్టుకుని రేవుకు పరుగున వచ్చారు.

"గవరయ్యా, నీ ఇంజను మహిమ విన్నాం. అమ్మగారిని వెంటనే చేర్చు. రేవు కట్టుబాటు నీకు తెలిసిందే!"

"రెప్పపాటులో చేరుస్తాను మహారాజా!" అని గవరయ్య రాజమాతను ఎక్కించాడు. దారిలో ఇంజను ఈనితే పట్టడానికి నాలుగు ఖాళీ కడవలు కూడా ఎక్కించాడు. నూకాలు మాత్రం బంకు పెట్రోలు ఒక డబ్బా, కొత్త నూనె ఒక డబ్బా చీరలో మూటగట్టి తానూ ఎక్కింది.

నది నడిమికి వచ్చేసరికి ఇంజను మూలిగింది. "అయ్యగారూ, ఈ పల్చటి నూనె నన్ను కాపాడలేకపోతోంది. ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటోంది. ఇక సెలవు!" అని బిగుసుకుపోయింది. ఆ వేడికి పడవ చుట్టూ చేపలు ఉడికి తేలాయి. ఉప్పూ కారం ఒక్కటే తక్కువ.

"ఏమిటోయ్, ఆగిపోయింది?" అంది రాజమాత కంగారుగా.

"ఆగలేదమ్మగారూ. ఈనే ముందు ఇలాగే నిలబడుతుంది," అన్నాడు గవరయ్య.

"లే అవతలికి!" అని నూకాలు మొగుణ్ణి పక్కకు తోసింది. ఇంజను మీద తడిబట్ట వేసి, చల్లారేదాకా ఓపిక పట్టింది. పాత పెట్రోలునూ, పాత నూనెనూ ఆ కడవల్లోకి దించింది. వచ్చింది నూనె కాదు, నల్లటి చారు. తెచ్చిన నూనె పోసింది, తెచ్చిన పెట్రోలు పోసింది, తాడు పట్టి గుంజింది. ఒకసారి దగ్గింది. ఇంకోసారి తుమ్మింది. మూడోసారి, "అమ్మా, గొంతు తడిసింది," అంటూ కదిలింది.

రాజమాత కూతురి ఇంటి గడపలో కాలు పెట్టడం, లోపల పసిపిల్ల కేరుమనడం ఒక్కసారే జరిగాయి.

మర్నాడు కొలువులో రాజుగారు అడిగారు. "పడవ నడుమ ఆగిందని విన్నాం. నిజమేనా?"

"లేదని చెప్పవే, రేవు పోతుంది," అని గొణిగాడు గవరయ్య.

రేవు పోతే ఏం తినాలో నూకాలుకూ తెలియదు. అయినా చెప్పింది. "ఆగింది మహారాజా. ఇంజను మొత్తుకున్నా వినకుండా కల్తీ పెట్రోలు పోశాం. ఆగింది."

రాజుగారి ముఖం ముడుచుకుంది. అప్పుడు రాజమాత నోరు విప్పింది. "నాయనా, ఆ కట్టుబాటు పెట్టింది మా మామగారే. నాకూ తెలుసు. పడవ ఆగింది గవరయ్య చేతిలో. కదిలింది నూకాలు చేతిలో. గవరయ్య దగ్గరనుంచి రేవులో చోటు తీసుకో. నూకాలుకు ఇచ్చెయ్యి."

కొలువంతా బాగుందంది. ఇంటికి పోయి అన్నం తినాల్సినవాడు కాబట్టి గవరయ్య కూడా బాగుందన్నాడు.

నక్కను పట్టుకొస్తే, "అది నా ఒంటి వాసన ప్రభూ!" అంది. భటులు దాన్ని మూడుసార్లు ఏట్లో ముంచి తోమారు. నక్క వాసన పోయింది, డబ్బా వాసన పోలేదు. రాజ్యం పొలిమేరల దాకా తరిమారు.

ఇంజను మళ్లీ నడిచింది. టకటకా పోయింది, పొగా పోయింది. కానీ అరిగిన ఇనుము మాత్రం ఎంత మంచి పెట్రోలు పోసినా తిరిగి పెరగలేదు. అప్పటినుంచి అది మామూలుకంటే ఎక్కువ నూనె తాగుతూనే ఉంది. గవరయ్య రోజూ బంకుకు నడిచి డబ్బా మోసుకొస్తాడు. పుల్ల దించి, తగ్గిన మేరకు నూనె పోస్తాడు. పోసినప్పుడల్లా, "చెప్తే విన్నారా?" అంటుంది ఇంజను. ఇంటికెళ్తే నూకాలూ అదే అంటుంది.

కాబట్టి పిల్లలూ, పాత్ర నిండిందని మురిసిపోయే ముందు, దేనితో నిండిందో చూసుకోవాలి.

అదుగో, పాలాయన సైకిలు గంట! అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే కదూ? లే, ఆ చెంబు పట్టుకుని పరిగెత్తు. నిండగానే వచ్చెయ్యకు. ముందు వేలు ముంచి చూడు.