మీసాలమ్మ పిల్లలు మొద్దులోకి వెళ్లిన కథ

ఒకప్పుడు మీసాల పురుగు పిల్లలు పూలలోనే పుట్టి, పూలలోనే పెరిగేవి. ఇప్పుడు అలా కాదు. ఏం జరిగిందంటే...

అడవి అంచున మీసాలమ్మ అనే తల్లి పురుగు ఉండేది. తల మీద ఇంత పొడవు మీసాలు! తంగేడు పువ్వులో కాపురం పెట్టి ఏడుగురు పిల్లల్ని కన్నది. పిల్లలు తెల్లగా, బొద్దుగా ఉండేవారు. పళ్లు మాత్రం రంపాలే.

"అబ్బబ్బ! ఇక నావల్ల కాదు వదినా!" అంది తంగేడు ఒక పొద్దున. "నిన్న నాకు ఐదు రేకులు. ఇప్పుడు చూడు, ఎన్నున్నాయో!"

"రెండు" అంది మీసాలమ్మ నెమ్మదిగా.

"రెండున్నర" అన్నాడు ఒక పిల్లాడు నములుతూనే.

"నోరు ముయ్యరా!" అని కసిరింది తల్లి.

"రేకులు లేకపోతే తేనెటీగలు రావు. అవి రాకపోతే నేను కాయ కాయను. నువ్వు రా, కడుపునిండా పుప్పొడి తిను. వీళ్లని మాత్రం తీసుకుపో తల్లీ!" అంది తంగేడు.

మీసాలమ్మ పిల్లల్ని వీపున మోసుకుంటూ వేప దగ్గరకి పోయింది. చేదని అందరూ ఉమ్మేశారు. తుమ్మ దగ్గరకి పోతే, అది జిగురు కార్చి ఒకడిని అంటించేసుకుంది. వాడిని ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. ఇంతలో మబ్బు కమ్మింది. వానలో తడిస్తే ఆ మెత్తటి పిల్లలు బతకరు.

కూలిపోయిన మద్ది మొద్దు మీద చతికిలబడి, "విసిగిపోయాను! ఎవరైనా తీసుకోండర్రా వీళ్లని!" అని ఏడ్చింది.

"నెత్తి మీద ఎవరా అరిచేది?" అంది మొద్దు.

"నేను తాతా, మీసాలమ్మని. నా పిల్లలకి చోటు కావాలి. కానీ నిన్ను నమిలేస్తారు."

"నమలనీ. ఎలాగూ మట్టయ్యేవాణ్ణే. పడి మూడేళ్లయింది, పలకరించిన వాళ్లు లేరు. లోపలికి పంపు, వానొస్తోంది!"

ఏడుగురూ పగుళ్లలో దూరిపోయారు. చివరివాడు దూరాక మొదటి చినుకు పడింది. మీసాలమ్మ ఆ పగులు దగ్గరే చాలాసేపు కూర్చుంది. ఇంత గొడవ పెట్టినవాళ్లని వదలాలంటే ఆమెకి కాళ్లు కదల్లేదు.

మరుసటేడు ఎండల్లో పిల్లలు రెక్కలతో, మీసాలతో బయటికొచ్చి, తిన్నగా తంగేడు మీద వాలారు.

"అయ్యో, మళ్లీనా!" అని వణికింది తంగేడు.

"భయపడకు అత్తా! పళ్లు తాత దగ్గరే అరగదీసుకున్నాం" అన్నారు వాళ్లు, పుప్పొడి నాకుతూ.

అప్పటినుంచే మీసాల పురుగు ఎండిన మొద్దుల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ చెక్క తిని పెరుగుతాయి. రెక్కలొచ్చాకే పూల దగ్గరకి వస్తాయి.